పొగ బయటికి పోవాలంటే గాలి లోపలికి రావాలి – బెంజమిన్ ఫ్రాంక్లిన్ జీవితం



ఈసారి ఫ్రాంక్లిన్ గురించి రాయడానికి ఒక కారణం ఉంది. గత పుష్యమాసంలో ఒకరోజు పొద్దున ప్రార్థన వేళ ఆరో తరగతి పిల్ల ఒకతె తల తిరుగుతోందని కూలబడిపోయింది. కాసేపటికి వాంతి కూడా చేసుకుంది. అడిగితే తెలిసింది, ఇంట్లో వాళ్లక్క బాలింత. మన వైపు చలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. గదిలో రాత్రంతా బొగ్గుల కుంపటి పెట్టి, తలుపు బిగించి, కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కారు. ఈ పిల్ల కూడా ఆ గదిలోనే పడుకుంది. తెల్లవారుజామున వాళ్లవ్వ తలుపు తీయబట్టి సరిపోయింది. ఇంట్లోవాళ్లు దిష్టి తగిలిందని అనుకున్నారు. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు పసిబిడ్డతో సహా అందరినీ పిలిపించి పరీక్ష చేసి, అసలు సంగతి చెప్పారు. అందరూ క్షేమం. ఆ పిల్ల ఇప్పుడు ఏడో తరగతికి వచ్చింది.

ఆ రోజు సాయంత్రం నాకు గుర్తుకొచ్చిన మనిషి ఫ్రాంక్లిన్. పాఠ్యపుస్తకాల్లో ఆయనంటే గాలిపటం, పిడుగు, మెరుపు వాహకం. అంతే. కానీ ఆయన నలభై ఏళ్లకు పైగా పట్టు వదలకుండా ఆలోచించిన విషయం ఇంకొకటి ఉంది. ఇంట్లో నిప్పు పెడితే గది వెచ్చబడాలి, పొగ పోవాలి, మనిషికి ఊపిరాడాలి. ఈ మూడూ ఒకేసారి ఎలా జరుగుతాయన్నదే ఆ విషయం.

ఆయన 1706 జనవరి 17న బోస్టన్‌లో పుట్టాడు. అప్పటికి అమెరికా దేశం లేదు, అవి ఇంగ్లండు వలసలు. తండ్రి జోసయ్య కొవ్వు కాచి కొవ్వొత్తులు, సబ్బులు చేసి అమ్మేవాడు. ఇద్దరు భార్యల వల్ల ఆయనకు పదిహేడు మంది సంతానం. మగపిల్లల్లో అందరికన్నా చిన్నవాడు బెంజమిన్. ఎనిమిదో ఏట బళ్లో వేశారు. రెండేళ్లకే మాన్పించారు, డబ్బు చాల్లేదు. చేతిరాత బాగా వచ్చింది గానీ లెక్కల్లో తప్పాడు. (ఈ ముక్క చదివి మా తొమ్మిదో తరగతి వాళ్లు సంతోషపడకండి, తర్వాత పట్టుబట్టి తనంతట తనే నేర్చుకున్నాడు.) పదో ఏట తండ్రి దుకాణంలో వత్తులు కత్తిరించే పని. పన్నెండో ఏట అన్న జేమ్స్ దగ్గర అచ్చుపనికి కుదిరాడు. అన్న కొట్టేవాడు. పదిహేడో ఏట, 1723లో, చెప్పకుండా పారిపోయి ఫిలడెల్ఫియా చేరాడు.

అక్కణ్ణుంచి కథ తొందరగా నడుస్తుంది. సొంత అచ్చాఫీసు, పత్రిక, పంచాంగం. 1731లో చందాలతో గ్రంథాలయం. 1736లో నిప్పంటుకుంటే ఆర్పడానికి స్వచ్ఛందుల దళం. అంతకు ముందే, 1735లో, ఒక ముసలాయన రాసినట్టుగా తన పత్రికలో ఒక లేఖ వేశాడు. ఒక గదిలోంచి ఇంకో గదికి నిప్పులు పారలో నిండుగా మోసుకుపోవద్దని, మూత ఉన్న పాత్రలో తీసుకెళ్లమని అందులో హెచ్చరిక ఉంది. అంటే పొయ్యి, నిప్పు, ఇల్లు అన్నవి మొదటి నుంచీ ఆయన మనసులో ఉన్నాయి.

ఆ ఊళ్లో చలి మన చలి లాంటిది కాదు. నదులు గడ్డకడతాయి. ప్రతి ఇంట్లో గోడలో పెద్ద గూడు కట్టి, అందులో కట్టెలు మండించి, పైన ఇటుక పొగగొట్టం పెట్టేవారు. మనం దాన్ని నిప్పుగూడు అనుకుందాం. పాతకాలపు నిప్పుగూళ్లు ఎంత పెద్దవంటే లోపలే ఒక మూలన మనిషి కూర్చోవచ్చు. చిక్కేమిటంటే అంత పెద్ద గొట్టం గదిలోని వెచ్చటి గాలినంతా పైకి లాగేస్తుంది. పోయిన గాలి చోటికి ఎక్కణ్ణుంచో గాలి రావాలి కదా. తలుపు సందుల్లోంచి మంచులాంటి గాలి దూసుకొచ్చేది. ముందు వైపు ఒళ్లు కాలుతుంది, వెనక వీపు గడ్డకడుతుంది. పోనీ అని తలుపు మూస్తే, పైకి పోవలసిన పొగ గదిలోకే తిరుగుతుంది. కట్టెలకు కరువు కూడా వచ్చింది. ఒకప్పుడు ఇంటి గుమ్మం ముందే దొరికే కట్టెలు కొన్ని ఊళ్లకు దాదాపు వంద మైళ్ల నుంచి తేవలసి వస్తోందని, సంసారాలకు అదో పెద్ద ఖర్చయిందని ఆయన రాశాడు.

1740 తర్వాత రెండేళ్లలో ఆయన ఇనుప పలకలతో ఒక పొయ్యి తయారుచేశాడు. నిప్పుగూడు లోపలే అమర్చేది. దీని లోపలి పని కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే తెలివంతా అక్కడే ఉంది.

మంట ముందువైపు తెరిచే ఉంటుంది, మనుషులకు మంట కనిపించాలి. మంట వెనకాల పల్చటి ఇనుప పెట్టె ఒకటి నిలబెట్టి ఉంటుంది. దాని లోపల అడ్డంగా అరలు, గాలి మెలికలు తిరుగుతూ పోయేలా. ఇది గాలిపెట్టె. ఈ పెట్టెలోకి పొగ రాదు. నేల కింద తవ్విన కాలువ ద్వారా బయటి గాలి నేరుగా అడుగు నుంచి పెట్టెలోకి వస్తుంది, మెలికల్లో వేడెక్కుతుంది, పక్కనున్న రంధ్రాల గుండా గదిలోకి వెచ్చగా వస్తుంది. పొగ దారి వేరు. అది గాలిపెట్టె మీదుగా ఎక్కి, వెనకవైపు కిందికి దిగి, నేల మట్టం దాకా వచ్చి, అప్పుడు పొగగొట్టంలోకి పోతుంది. పోయేలోగా తన వేడినంతా ఇనుముకు ఇచ్చేస్తుంది. మంటకు కావలసిన గాలి, మనుషులు పీల్చే గాలి తలుపు సందుల్లోంచి చలిగా దూసుకు రానక్కర్లేదు. వెచ్చబడి మర్యాదగా వస్తుంది. తన గది ఇదివరకటికంటే రెండింతలు వెచ్చగా ఉందని, కట్టెలు నాలుగో వంతే పట్టాయని ఆయన లెక్క చెప్పాడు.

నమూనాను రాబర్ట్ గ్రేస్ అనే స్నేహితుడికి ఊరికే ఇచ్చేశాడు. గ్రేస్‌కు ఇనుప కొలిమి ఉంది, పలకలు పోతపోసి అమ్ముకుని బాగుపడ్డాడు. 1744లో దీన్ని వివరిస్తూ ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. వలస గవర్నరు దానికి పేటెంటు ఇస్తానన్నాడు. ఆయన వద్దన్నాడు. ఇతరులు కనిపెట్టినవి మనం వాడుకుంటున్నాం, మనం కనిపెట్టినవి ఇతరులకు ఇవ్వడం మన ధర్మం అన్నది ఆయన వాదన. లండన్‌లో ఒక ఇనుప వర్తకుడు ఆ పుస్తకం చూసి, నాలుగు చిన్న మార్పులు చేసి, తన పేర పేటెంటు తీసుకుని సొమ్ము చేసుకున్నాడు. ఆ మార్పుల వల్ల పొయ్యి పని ఇంకా చెడింది కూడా. ఫ్రాంక్లిన్ పోట్లాడలేదు.

ఆ 1744 పుస్తకంలో అప్పటి మనుషులు గది వెచ్చచేసుకునే పద్ధతులు ఆరు చెప్పి, ఒక్కొక్కదాని మంచీచెడూ రాశాడు. ఆరోది ఏమిటో తెలుసా? ఇనుప పాత్రలో బొగ్గులు. మన కుంపటే! చేతిపనివాళ్లు దుకాణాల్లో వాడేవారు. గది త్వరగా, సమంగా వెచ్చబడుతుందని ఒప్పుకున్నాడు. కానీ పొగగొట్టం లేదు కాబట్టి గాలి మారదు, ఎంత బాగా రగిలించి తెచ్చిన బొగ్గయినా ఆవిర్లు గాలిలో కలుస్తాయి, కొందరికి ఒంటికి పడదు, తలుపు చాలాసేపు మూసి ఉంచితే ప్రాణాలే పోతాయని రాశాడు. దాదాపు 280 ఏళ్ల కిందటి మాట. మా పిల్ల ఇంట్లో ఆ రాత్రి జరిగింది అక్షరాలా ఇదే.

ఆయనకు ఆ వాయువు పేరు తెలియదు. ఆక్సిజన్ కూడా అప్పటికి ఎవరూ కనుక్కోలేదు. ఇప్పుడు పిల్లలకు మేం చెబుతున్నాం. గాలి చాలకపోతే బొగ్గు పూర్తిగా కాలదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి, మగత. నిద్రలో ఉన్నవాడికి ఈ గుర్తులేవీ తెలియవు. కట్టెల పొయ్యి పొగ పెడితే మనిషి దగ్గి లేచి తలుపు తీస్తాడు. కుంపటికి పొగ లేదని ధైర్యపడతాం, చిక్కు అక్కడే. బాలింత గదిలో కుంపటి పెట్టే ఇళ్లవాళ్లు రాత్రి పడుకునే ముందు దాన్ని బయట పెట్టెయ్యండి. ఇది హెడ్‌మాస్టరుగా నా విన్నపం, వ్యాసంలో కలిపేశాను.

మళ్లీ ఫ్రాంక్లిన్ దగ్గరికి. ఆయన పొయ్యిలో లోపం లేకపోలేదు. పొగ పైకి పోవడం దాని సహజగుణం, దాన్ని కిందికి దింపాలంటే వెనకనున్న పొగగొట్టం బాగా వేడిగా ఉండి లాగాలి. మంట జోరుగా ఉన్నంతసేపు సరే. మంట తగ్గితే గొట్టం చల్లబడుతుంది, పొగ గదిలోకి తిరుగుతుంది. నేల కింద కాలువ తవ్వడం కూడా అందరికీ అయ్యే పని కాదు. అందువల్ల ఆయన అనుకున్నంతగా అవి ఇళ్లల్లో నిలవలేదు. గొప్పవాళ్ల జీవితాలు రాసేటప్పుడు ఇలాంటివి దాటేయడం మనకు అలవాటు. నాకు ఈ లోపమే ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే ఆయన తన పొయ్యిని సమర్థించుకుంటూ కూర్చోకుండా, పొగ ఎందుకు తిరగబడుతుందన్న ప్రశ్న పట్టుకుని మిగిలిన జీవితమంతా వెళ్లాడు.

1748లో అచ్చుపని నుంచి తప్పుకున్నాడు. తర్వాత విద్యుత్తు ప్రయోగాలు, 1752లో గాలిపటం. 1757 నుంచి మధ్యలో రెండేళ్లు తప్ప 1775 దాకా లండన్‌లోనే, వలసల తరఫున ప్రతినిధిగా. భార్య డెబొరాకు సముద్రమంటే భయం, ఆమె రాలేదు. 1774లో ఆమె చనిపోయినప్పుడు ఆయన పక్కన లేడు. ఏళ్ల తరబడి ఉత్తరాల మీద సాగిన సంసారం అది. ఆయన గొప్పతనం ఎంత ఒప్పుకున్నా ఈ ఒక్కటీ నాకు మింగుడుపడదు.

లండన్‌లో ఆయన అద్దెకున్న ఒక ఇంట్లో చిన్న గదిలో నిప్పు పెడితే చాలు పొగ. నిప్పుగూడు నోరు చిన్నదే, అయినా లాభం లేదు. చాలా రోజులు కారణం అంతుపట్టలేదు. చివరికి పై గదిలో, అక్కడ పొయ్యే లేకపోయినా, పొగ నిండుతోందని గమనించాడు. చెక్క పలకల సందుల్లోంచి వస్తోంది. పలకలు ఊడదీయించి చూస్తే వెనకనున్న పొగగొట్టానికి చాలా అడుగుల పొడవున పగులు, చెయ్యి దూరేంత వెడల్పు! పొగ సంగతి అటుంచి, ఇల్లే అంటుకునే ప్రమాదం. లండన్‌లోనే బొగ్గు కాల్చడానికి పెద్ద కలశం ఆకారంలో ఇనుప పొయ్యి ఒకటి కూడా చేయించాడు. అందులో గాలి పైనుంచి కిందికి లాగబడి, పొగ ఎర్రటి నిప్పుల గుండా పోతూ అదీ కాలిపోతుంది.

1776 సెప్టెంబరులో జరిగిన ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. స్వాతంత్ర్య ప్రకటన అయింది, యుద్ధం సాగుతోంది. బ్రిటిషు సేనానితో మాట్లాడటానికి ఫ్రాంక్లిన్, జాన్ ఆడమ్స్, రట్లెడ్జ్ ముగ్గురూ బయల్దేరారు. దారిలో న్యూ బ్రన్‌జ్‌విక్ ఊళ్లో సత్రం నిండిపోయింది. ఫ్రాంక్లిన్‌కూ ఆడమ్స్‌కూ కలిపి ఒకే మంచం దొరికింది. గది మంచం కంటే కాస్త పెద్దది, పొగగొట్టం లేదు, ఒక్కటే చిన్న కిటికీ. ఆడమ్స్ రాత్రి గాలి ఒంటికి పడదని వెళ్లి కిటికీ మూసేశాడు. డెబ్భై ఏళ్ల ఫ్రాంక్లిన్, ఊపిరాడదు మొర్రో అని తెరిపించాడు. జలుబు చలిగాలి వల్ల రాదు, మూసిన గదుల్లో ఒకరి ఊపిరి ఒకరు పీల్చడం వల్ల వస్తుందని ఆయన సిద్ధాంతం. చీకట్లో పడుకుని దాని మీద ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆడమ్స్ వింటూ వింటూ నిద్రపోయాడు. తర్వాతి కాలంలో ఆ దేశానికి రెండో అధ్యక్షుడైన ఆడమ్స్ ఈ సంగతి తనే రాసిపెట్టాడు.

ఆ ఏడాది చివర్లో ఫ్రాన్సు వెళ్లాడు. సైన్యానికి, డబ్బుకు ఫ్రాన్సు సాయం సంపాదించి, 1783లో సంధి కుదిర్చి, 1785లో ఇంటికి బయల్దేరాడు. డెబ్భై తొమ్మిదేళ్లు. మూత్రాశయంలో రాయి, బండి కుదుపు కూడా ఓర్చుకోలేని బాధ. ఓడలో విశ్రాంతి తీసుకోవచ్చు కదా. ఆ ఆగస్టులో సముద్రం మీద కూర్చుని ఆయన పొగపెట్టే పొగగొట్టాల మీద పెద్ద లేఖ రాశాడు! వియన్నాలో ఉన్న డచ్చి వైద్యుడు ఇంగెన్‌హౌస్‌కు. మొక్కలు ఎండలో శుభ్రమైన వాయువు విడుస్తాయని చూపించినవాడు ఈ ఇంగెన్‌హౌసే, ఎనిమిదో తరగతి వాళ్లకు పేరు తెలిసి ఉండాలి.

పొగ తేలిక కాబట్టి పైకి పోతుందని జనం అనుకుంటారు, పొగగొట్టానికి లాగే గుణం ఏదో ఉందనీ అనుకుంటారు. రెండూ తప్పని లేఖ మొదట్లోనే తేల్చాడు. పొగ గాలికంటే బరువు. వేడెక్కి పల్చబడిన గాలి ఎక్కుతూ దాన్ని మోసుకుపోతుంది, అంతే. ఆ గాలి ఎక్కాలంటే దాని చోటికి వేరే గాలి రావాలి. తర్వాత పొగ తిరగబడటానికి తొమ్మిది కారణాలు రాశాడు. నిప్పుగూడు నోరు మరీ పెద్దదవడం, గొట్టం పొట్టిదవడం, పక్కన ఎత్తయిన ఇల్లో కొండో ఉండి గాలి పైనుంచి కొట్టడం, ఒకే ఇంట్లో రెండు మంటలుంటే బలమైనది బలహీనమైనదాని గొట్టంలోంచి గాలి కిందికి లాక్కోవడం, ఇలా. కానీ అన్నిటికన్నా మొదట పెట్టింది కొత్త ఇళ్లల్లో గాలి చాలకపోవడం. పనివాడు ఎంత మంచివాడైతే అంత ముప్పు. తలుపులు, కిటికీలు అంత బిగువుగా కుదురుస్తాడు. తాళంచెవి రంధ్రం ఒక్కటే మిగులుతుంది, దానికీ కొందరు చిన్న మూత పెడతారు. ఇక గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది?

మందు కూడా ఆయన పద్ధతిలోనే, కొలిచి. మంట రగిలించి, తలుపు మూసి పొగ రానివ్వండి. తర్వాత తలుపు మెల్లగా కొంచెం కొంచెం తెరవండి. ఎక్కడ పొగ ఆగుతుందో అక్కడ ఆపి సందు వెడల్పు కొలవండి. తలుపు ఎత్తు ఎనిమిది అడుగులు, సందు అర అంగుళం అనుకుంటే, 96ను అరతో హెచ్చిస్తే 48 చదరపు అంగుళాలు. అంటే 6 అంగుళాలకు 8 అంగుళాల రంధ్రం చాలు. అదీ ఎక్కువే, చాలా గదులకు 6కు 6, అంటే 36 చదరపు అంగుళాలు సరిపోతుందని తన అనుభవం. లెక్కల్లో తప్పిన పిల్లవాడు వేసిన లెక్క ఇది. మన బడి మధ్యాహ్న భోజనం వంటగదిలో ఆరో తరగతి వాళ్లతో ఇదే పద్ధతి చేయించాం. వైశాల్యం పాఠం ఇంత శ్రద్ధగా వాళ్లెప్పుడూ వినలేదు.

రంధ్రం ఎక్కడ పెట్టాలి? కింద పెడితే చలిగాలి కాళ్లకు కొడుతుంది. పైకప్పు దగ్గర పెట్టమన్నాడు. గది పైభాగంలో వెచ్చటి గాలి చేరి ఉంటుంది, వచ్చిన చలిగాలి దానితో కలిసి, చలి విరిగి కిందికి దిగుతుంది. ఇంతా చెప్పి, తనూ ఒకప్పుడు గాలికి భయపడి గదిలో ప్రతి సందూ మూసుకున్నవాడినేనని, అది పొరపాటని అనుభవం నేర్పిందని, ఇప్పుడు కిటికీ తెరుచుకునే నిద్రపోతున్నానని ఒప్పుకున్నాడు.

ఆ లేఖలో నాకు బాగా నచ్చింది ఆయన ఓడిపోయిన కథ. లండన్ దగ్గర పల్లెలో ఒక స్నేహితుడి ఇంట్లో మంచి గది, కానీ మంట పెడితే పొగంతా లోపలికే. ఫ్రాంక్లిన్ ఇదెంత పని అనుకున్నాడు. తలుపు తెరిచి చూశాడు, గాలి కొరత కాదు. నోరు తగ్గించి చూశాడు, అదీ కాదు. బయటికెళ్లి గొట్టం పైభాగం చూశాడు. దాని కంటే పొట్టివే పక్కన చక్కగా లాగుతున్నాయి. చివరికి నా వల్ల కాదని చేతులెత్తేశాడు. ఈ విద్యతో ఏ సంబంధమూ లేని ఆ స్నేహితుడే తర్వాత నిచ్చెన వేసుకుని ఎక్కి గొట్టంలోకి తొంగిచూశాడు. లోపల పుల్లలు, గడ్డి, బంకమట్టి, ఈకలు. ఇల్లు కొన్నేళ్లు ఖాళీగా ఉన్నప్పుడు ఏవో పెద్ద పక్షులు గూడు కట్టుకున్నాయి. అది తీసేస్తే గొట్టం లాగింది. తన ఓటమిని ప్రపంచమంతా చదివే లేఖలో రాసుకోవడానికి ఎంత మనసుండాలి!

1785 సెప్టెంబరులో ఫిలడెల్ఫియా చేరాడు. లేఖను మరుసటి ఏడు అక్కడి తత్త్వ సంఘం అచ్చువేసింది. 1787లో రాజ్యాంగ సభలో అందరికన్నా పెద్దవాడు ఆయనే. ఒకప్పుడు తన ఇంట్లో బానిసలను ఉంచుకున్నవాడే చివరి ఏళ్లలో బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడై, 1790లో ఆ కోరికతో కాంగ్రెసుకు అర్జీ పంపాడు. ఆ ఏడు ఏప్రిల్ 17న ఊపిరితిత్తుల జబ్బుతో కన్నుమూశాడు. ఎనభై నాలుగేళ్లు.

ఆయన పొయ్యి పేరు మాత్రం మిగిలింది. తర్వాతి కాలంలో ఫ్రాంక్లిన్ స్టౌ అనే పేరుతో అమెరికాలో చాలా అమ్ముడయ్యాయి, ముందు తెరిచి ఉన్న ఇనుప పొయ్యిలు. పొగ కిందికి దిగే దారి వాటిలో తీసేశారు. దానితోబాటు గాలిపెట్టె కూడా తీసేశారు.